గడియ పడే గది ఒక్కటి చాలు

"పొద్దు ఎక్కడైనా ఒకటే కదా! దానికోసం గండికోట దాకా పోవాల్నా?" అన్నారు మావారు.

నిజమే. మా తుమ్మలపల్లెలోనూ పొద్దు పొడుస్తుంది. యురేనియం గని పుణ్యమా అని మా ఊరి పేరు దేశంలో చాలామందికి తెలిసింది కానీ, మా ఊరి ఆడవాళ్లకు మాత్రం పులివెందుల దాటితే ప్రొద్దుటూరు, ప్రొద్దుటూరు దాటితే కడప. అంతకుమించి పోతే తిరుపతి. మా అత్తకు డెబ్బయ్యేళ్లు. పుట్టినప్పట్నుంచీ గండికోట పేరు వింటూనే ఉంది. చూసింది లేదు. మా ఊరి నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే చోటు అది!

"అమ్మీ, ఊళ్లోళ్లంతా ఫోన్లలో చూపిస్తాండారు. బెంగుళూరు నుంచి వచ్చి చూసి పోతాండారంట. మనం యాల పోకూడదు?" అని ఒకరోజు అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కాబట్టి ప్రయాణం ఖర్చు అనే సాకు పోయింది. ఇక మిగిలింది ధైర్యం. కార్తీకమాసంలో ఒక శనివారం అత్త, నేను, డిగ్రీ చదివే మా అమ్మాయి, పక్కింటి వదిన నలుగురం బయల్దేరాం. బొరుగులు, శనక్కాయల పొడి, ఓళిగలు మూటగట్టుకున్నాం. పులివెందులలో బస్సెక్కి, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగులో దిగి, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు ఆటోలో పోయాం.

గండికోటను మాటల్లో చెప్పడం నావల్ల కాదు. ఎర్రమల కొండల్ని పెన్న నది నిలువునా కోసుకుని పోయింది. ఆ గండి వల్లే కోటకు ఆ పేరు. ఎర్రటి రాళ్లు పెట్టెలు పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి, అడుగున పచ్చటి నీళ్లు. కోట లోపల మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, చిన్న ఊరు. ఇప్పటికీ అక్కడ జనం కాపురాలుంటున్నారు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఇక్కడికొచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. అంత దూరం నుంచి అతడొచ్చాడు. పక్కనే ఉన్న మేం ఇన్నాళ్లకు వచ్చాం!

పొద్దుగూకే వేళ అత్త ఒక బండమీద కూర్చుని ఎంతసేపటికీ లేవలేదు. "పొద్దు పొడిచేటప్పుడు ఇంకా బాగుంటాదంట గదమ్మీ" అంది. అందరం ఆ మాటకే తలూపాం. రాత్రికి ఉండిపోదాం, పొద్దున్నే చూసి పోదాం అనుకున్నాం.

అక్కడే వచ్చింది తంటా.

ఆ రాత్రి మాకేమయింది?

గండికోట దగ్గర పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటలుంది. శనివారం కదా, గదులన్నీ అప్పటికే అయిపోయాయి. ముందుగా చెప్పుకోకపోవడం మా తప్పే. బయట గుడారాలు వేసి అద్దెకిస్తున్నారు. కుర్రాళ్లు పాటలు పెట్టుకుని హుషారుగా ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను, వయసు అలాంటిది. కానీ అర్ధరాత్రి అత్తకు మోకాళ్లు పట్టేసి లేవాల్సివస్తే, బ్యాటరీ లైటు పట్టుకుని ఎంత దూరం నడవాలో చూసుకున్నాక, మావల్ల కాదనుకున్నాం. ఆటో మాట్లాడుకుని దగ్గర్లోని ఒక టౌనుకు వచ్చేశాం.

మొదటి లాడ్జిలో కౌంటరు దగ్గరి పిల్లోడు మా వెనక్కి తొంగి చూశాడు. "మగోళ్లు ఎవురూ రాలేదామ్మా?"

"లేదబ్బీ, మేం నలుగురమే."

"ఆడోళ్లకే అయితే ఇయ్యమమ్మా. మాకు మాట వస్తాది."

ఆధార్ కార్డులు చూపించాం. పక్కింటి వదిన అంగన్‌వాడీ టీచరు, ఆమె ఐడీ కార్డు కూడా చూపించింది. మా అత్త తల నెరిసిన జుట్టు చూపించింది! ఏదీ పనికిరాలేదు. "మీ ఇంటాయనతో ఒకసారి ఫోన్లో మాట్లాడించండి" అన్నాడు. డెబ్బయ్యేళ్ల మనిషి, ముగ్గురు పిల్లల్ని పెంచి పెద్ద చేసిన మనిషి, రాత్రి పడుకోవడానికి కొడుకు పూచీ పడాలి! అత్తకు రోషం వచ్చింది. "పాండి పోదాం" అని మెట్లు దిగేసింది.

రెండో లాడ్జిలో గది ఇచ్చారు. రేటు మాత్రం మా ముఖాలు చూసి చెప్పినట్టుంది. పైకెళ్లి చూస్తే బాత్రూములో బల్బు లేదు. దుప్పటి మీద ఎవరి తలనూనె మరకలో! అవన్నీ సర్దుకునేవాళ్లమే. కానీ తలుపుకు గడియ పడటం లేదు. గొళ్లెం ఊడి ఒక మేకు మీద వేలాడుతోంది. కిందికి వెళ్లి చెబితే "ఏం కాదులేమ్మా, ఇక్కడ దొంగలెవురూ రారు" అన్నారు. కుర్చీ అడ్డం పెట్టాం. దానిమీద మా సంచులు పెట్టాం. ఇద్దరు పడుకుంటే ఇద్దరు మేలుకుని, వంతులవారీగా ఆ రాత్రి గడిపాం. వరండాలో అడుగుల చప్పుడైనప్పుడల్లా మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

తెల్లవారుజామున చీకట్లో మళ్లీ ఆటో కట్టించుకుని కొండెక్కే ఓపిక గానీ ధైర్యం గానీ ఎవరికీ మిగల్లేదు. మొదటి బస్సుకే ఇంటికి తిరిగొచ్చేశాం. పొద్దు మేం బస్సులో ఉండగానే పొడిచింది.

"ఎట్లుంది గండికోట?" అని ఊళ్లో వాళ్లడిగితే అత్త ఒకటే మాట. "కోట చూసినా, గదీ చూసినా. గదే బాగా గుర్తుంటాది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

పుణ్యానికైతే సత్రం, చూపుకైతే?

నిదానంగా ఆలోచిస్తే ఒక సంగతి తోచింది. మన ఆడవాళ్లు ఎప్పుడూ ప్రయాణాలు చెయ్యలేదా? చేశారు. తిరుపతికి పోతారు, బ్రహ్మంగారి మఠానికి పోతారు, శ్రీశైలం పోతారు. గుంపులుగా, మగతోడు లేకుండా కూడా పోతారు. ఎవరూ ఏమీ అనరు. ఎందుకంటే అక్కడ సత్రాలున్నాయి. సత్రంలో నీ వెంట ఎవరొచ్చారని అడిగేదానికన్నా ఎంతమంది వచ్చారనే అడుగుతారు. వరండాలోనైనా చాప పరుచుకుంటే పక్కన ఇంకో పదిమంది ఆడవాళ్లుంటారు. ఆ ధీమాయే వేరు.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మన కడప మీదుగానే అహోబిలం వైపు వెళ్లారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రలో గుళ్లూ గోపురాల సంగతులతోపాటు ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, ఎక్కడ సరుకులు దొరుకుతాయి అన్న సంగతులు కూడా ఓపిగ్గా రాసుకున్నారు. బాటసారికి ముందుగా కావలసింది తల దాచుకునే చోటేనని ఆయనకు తెలుసు. రెండు వందల ఏళ్లు కావస్తున్నా మనం మాత్రం ఆ ప్రశ్న దగ్గరే నిలబడి ఉన్నాం.

పుణ్యం కోసం ఇల్లు కదిలితే సత్రం ఉంది. ఊరికే చూడటానికి, గాలి మార్పుకి, నలుగురు స్నేహితులు కలిసి నవ్వుకోవడానికి ఇల్లు కదిలితే? "ఏం పని?" అన్న ప్రశ్న ఎదురొస్తుంది. లాడ్జి కౌంటరు దగ్గర మమ్మల్ని అడిగిందీ అదే ప్రశ్న. కాకపోతే మాటలు వేరు.

లాడ్జివాళ్ల వైపు నుంచీ ఆలోచించి చూశాను. రేపేదైనా గొడవ జరిగితే పోలీసులు మొదట వచ్చేది వాళ్ల దగ్గరికే. ఊళ్లో పేరు పోతుందన్న భయం ఉంటుంది. ఆ భయం అబద్ధం కాదు. కానీ దానికి మందు ఆడవాళ్లను గడప బయట నిలబెట్టడమా? గుర్తింపు కార్డు చూసి, రిజిస్టరులో పేరు రాసుకుని, వరండాలో లైటు వేసి, రాత్రి ఒక మనిషిని కాపలా పెట్టుకుంటే సరిపోదా? మగతోడు లేని ఆడదానికి గది ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. ఉన్నదల్లా మన భయమే. ఆ రాత్రి పదిగంటలకు నలుగురు ఆడవాళ్లను రోడ్డుమీదికి పంపితే మేం క్షేమంగా ఉంటామా, గది ఇస్తే క్షేమంగా ఉంటామా? ఇంత చిన్న లెక్క ఎవరికీ తట్టకపోవడమే విచిత్రం!

ఏడు నక్షత్రాల పక్కన ఒక చిన్న దీపం

గండికోటకు మంచి రోజులొస్తున్నాయని అంటున్నారు. సంతోషమే. 2023 జులైలో అక్కడ ఒబెరాయ్ వాళ్ల ఏడు నక్షత్రాల హోటలుకు శంకుస్థాపన జరిగింది. రాష్ట్రాలకు యాభై ఏళ్ల గడువుతో వడ్డీ లేని రుణమిచ్చే పథకం కింద, 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పెద్ద హోటలు వస్తే పదిమందికి పని దొరుకుతుంది. నేను వద్దనను. కానీ ఆ హోటల్లో ఒక రాత్రికయ్యే ఖర్చు మా అత్త ఎన్ని నెలల పింఛనుతో తీరుతుందో మీరే ఊహించండి.

గండికోటను అందరూ అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోలుస్తారు కదా. ఆ పోలికనే కాస్త ముందుకు తీసుకుపోదాం. అక్కడ లోయ అంచున 1905లో ఎల్ తోవార్ అనే ఖరీదైన హోటలు కట్టారు. తర్వాత కార్లు పెరిగాయి, మామూలు జనం రావడం మొదలైంది. వాళ్లెక్కడ ఉండాలి? దానికోసం 1935లో, అమెరికా అంతా డబ్బుకు కటకటలాడుతున్న రోజుల్లో, అదే లోయ అంచున బ్రైట్ ఏంజెల్ లాడ్జి కట్టారు. మధ్యతరగతివాళ్లకు అందుబాటు ధరలో ఉండాలన్నదే దాని ఉద్దేశం. దాన్ని రూపొందించింది ఎవరనుకున్నారు? మేరీ కోల్టర్ అనే ఒక ఆడ ఆర్కిటెక్టు! ఖరీదైన హోటలు ఉన్నచోటే చవక లాడ్జీ ఉంది. రెంటికీ అదే లోయ, అదే పొద్దు. మనం పోలిక చెప్పుకుంటే ఇలాంటిది చెప్పుకోవాలి.

మా చెల్లెలి కూతురు ఆ దేశంలోనే ఉంది. సెలవొస్తే పిల్లల్ని కారులో వేసుకుని ఏదో చెరువు పక్కనున్న పార్కుకు పోతుంది. రాత్రికి దార్లో మోటెల్‌లో దిగుతారట. మోటారు, హోటల్ అన్న రెండు మాటలు కలిపి 1925లో కాలిఫోర్నియాలో పుట్టించిన పేరు అది. పెద్ద హంగులుండవు. మంచం, శుభ్రమైన బాత్రూము, తలుపుకు మంచి తాళం. "భయం లేదా నీకు?" అంటే "గది బాగుంటే భయమెందుకు పెద్దమ్మా?" అంది. ఆ మోటెళ్లలో చాలా భాగం గుజరాతీ కుటుంబాలవేనట. పొద్దున మనిషి కౌంటరులో, ఇంటావిడ దుప్పట్లు ఉతుకుతూ, పిల్లలు బడినుంచి వచ్చి ఫోన్లు ఎత్తుతూ, ఇంటిల్లిపాదీ కష్టపడి పైకి తెచ్చుకున్న వ్యాపారం.

ఇది విన్నాక నాకొకటి అనిపించింది. దుప్పటి ఉతకడం, గది ఊడ్చడం, వేళకింత వేడిగా వండి పెట్టడం, వచ్చినవాళ్లను ఆదరించడం, ఇవన్నీ మనకు చేతకాని పనులా? జీతం లేకుండా రోజూ చేస్తున్నవే కదా!

నీళ్లకు ఊళ్లిచ్చిన ఆడవాళ్లు

గండికోట అంచున నిలబడి నీళ్లు చూసి మురిసిపోయేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. కోటకు దిగువన మైలవరం జలాశయం, ఎగువన గండికోట జలాశయం ఉన్నాయి. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. మా పులివెందుల వైపు పొలాలకు నీళ్లొస్తున్నాయంటే ఆ జలాశయం చలవే. కానీ ఆ నీళ్లు ఊరికే రాలేదు. 2020లో నీళ్లు పెరిగినప్పుడు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇల్లు, వాకిలి, వేపచెట్టు, పొలం, అన్నీ వదిలి లేచిపోయారు. భూమి ఉన్నప్పుడు మిరపకాయలు కోస్తేనో, కలుపు తీస్తేనో ఆడదాని చేతిలో నాలుగు రూపాయలాడేవి. భూమి పోతే మొదట పోయేది ఆ నాలుగు రూపాయలే.

ఇప్పుడు ఆ నీళ్లను చూడటానికే జనం వస్తున్నారు. ఆ వచ్చే డబ్బులో నీళ్లకు ఊళ్లిచ్చిన ఆడవాళ్లకు వాటా ఉండొద్దా?

మన డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు పొదుపు చేశారు, అప్పు తెచ్చి వాయిదా తప్పకుండా తీర్చారు, బ్యాంకుల దగ్గర నమ్మకం సంపాదించారు. అలాంటి సంఘాలకు గండికోట, జమ్మలమడుగు, మైలవరం దగ్గర నాలుగు గదులు కట్టించి ఇచ్చి, నడుపుకోమంటే నడుపుకోలేరా? ఇంట్లో ఒక గది ఖాళీగా ఉన్నవాళ్లు దానికి సున్నం కొట్టించి, బాత్రూము కట్టించి అతిథికి ఇవ్వలేరా? కేరళలో ఇలా ఇళ్లలోనే అతిథుల్ని దించుకోవడం ఏనాటి నుంచో ఉంది. పొద్దున్నే ఉగ్గాని, బజ్జి. మధ్యాహ్నం రాగిసంగటి, పప్పు. ఏ నక్షత్రాల హోటలు పెడుతుంది ఇంతకన్నా మంచి తిండి?

ఆడవాళ్లు నడిపే గదిలో ఇంకో సుఖముంది. మగతోడేదని అడగరు. నెలసరి వచ్చిందంటే చెప్పుకోవడానికి మొహమాటం ఉండదు. పిల్ల ఏడిస్తే పాలు వేడిచేసి ఇస్తారు. రాత్రి తలుపు తడితే పలికేది ఆడగొంతు.

ఇంకొక సంగతి. పన్ను కట్టే లాడ్జీల్లో వెయ్యి రూపాయల లోపు గదికి 2022 జులై 17 దాకా జీఎస్టీ ఉండేది కాదు. ఆ మర్నాటి నుంచి 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించారు. తగ్గిన పన్ను గదిలో దిగేవాళ్లకు అందాలి కదా. గది అడిగినప్పుడు రేటెంత, పన్ను కలిపా, విడిగానా అని అడగడం మనకు సిగ్గు కాకూడదు. కూరగాయల దగ్గర రూపాయికి బేరమాడే మనం, లాడ్జి కౌంటరు దగ్గర మాత్రం నోరు కట్టేసుకుంటాం. బిల్లు అడగాలి. గది చూశాకే డబ్బులివ్వాలి. ముందు చూడాల్సింది టీవీ ఉందా అని కాదు. గడియ పడుతుందా, బాత్రూములో లైటు వెలుగుతుందా, కిటికీ మూసుకుంటుందా అని. మేం నలుగురం ఇవేవీ చూడకుండా డబ్బులు చేతిలో పెట్టాం. ఆ తప్పు మీరు చెయ్యకండి.

అడిగేది ఎక్కువేం కాదు

ప్రభుత్వాన్ని అడిగేది ఏడు నక్షత్రాలు కాదు. ఆ వచ్చిన కోట్లలో కాస్త మిగిల్చి, గండికోటలో ఆడవాళ్లకని ఒక డార్మిటరీ కట్టండి. ఇరవై మంచాలు చాలు. మనిషికి నాలుగైదు వందలు మించకుండా రేటు పెట్టండి. నడిపే బాధ్యత ఆడవాళ్ల సంఘానికివ్వండి. పొద్దున చీకటితోనే జమ్మలమడుగు నుంచి ఒక బస్సు, పొద్దుగూకాక తిరిగొచ్చే ఒక బస్సు వెయ్యండి. ఉచిత బస్సు కొండకింద దాకా తెచ్చి వదిలేస్తే, కొండమీదికి ఆటోవాడి దయమీద పోవాల్సివస్తోంది. లాడ్జీల్లో రేట్ల బోర్డు అందరికీ కనబడేలా పెట్టించండి.

అడగాల్సింది ప్రభుత్వాన్ని ఒక్కటే కాదు, మన ఇళ్లలోవాళ్లనూ అడగాలి. కొడుకు స్నేహితులతో గండికోట పోయి గుడారంలో పడుకుని వస్తానంటే ఖర్చులకు ఇచ్చి పంపుతాం. కూతురు అదే మాటంటే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. నేనూ అంతే చేశాను, దాచుకోవడమెందుకు? రెండేళ్ల కిందట మా అమ్మాయి కాలేజీ స్నేహితురాళ్లతో పోతానంటే వద్దన్నది నేనే. "అక్కడ ఉండటానికి చోటేదీ?" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదని ఇప్పుడు తెలిసింది. కానీ చోటు లేదని ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం తేలిక. చోటు ఏదని నలుగురిలో అడగడమే కష్టం. తేలికైన పని ఇన్నాళ్లూ చేశాం. ఇక కష్టమైనది మొదలుపెడదాం.

మా లాడ్జి కథ విన్నాక మావారు రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున కాఫీ తాగుతూ "ఈసారి నేనూ రానా?" అన్నారు. అత్త వెంటనే అందుకుంది. "నువ్వొస్తే గది ఇస్తారబ్బీ, నాకు తెలుసు. నువ్వు రాకపోయినా ఇయ్యాల. అదీ నాకు కావాల్సింది."

వచ్చే సంక్రాంతి సెలవులకు మళ్లీ పోవాలని అనుకుంటున్నాం. ఈసారి నెల ముందే గదికి చెప్పుకుంటాం, ఆదివారం కాకుండా చూసుకుంటాం. అయినా మా అమ్మాయి సంచిలో ఒక వస్తువు కొత్తగా చేరింది. ప్రొద్దుటూరులో కొన్న చిన్న గొళ్లెం, నాలుగు మేకులు.

వాటితో పనిపడని రోజు రావాలని నా కోరిక. మీరేమంటారు?